చక్రాల మీద రోలు

మా అమ్మమ్మ వాళ్ళింటి పెరట్లో రోలు ఉండేది. దాని నోరు, రెండు బెత్తెల గోడ మాత్రమే పైకి కనిపించేవి, మిగతాదంతా నేలలోనే. చిన్నప్పుడు దాన్ని పెకలించాలని చూసి, చేతులు దోక్కుపోయి ఊరుకున్నాం. ఎందుకు పాతారని అడిగితే, "పాతకపోతే నువ్వు దంచుతావా, అది నిన్ను దంచుతుందా?" అంది అమ్మమ్మ. వంద కిలోలు దాటిన రాయికి ఆ భయం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అర్థం కావడానికి నలభై ఏళ్ళు, ఒక వడ్రంగి బల్ల పట్టాయి.

రోకలి పడిన ప్రతిసారీ రోలు కదలాలనే చూస్తుంది. వెంట్రుకవాసి కదిలినా, ఊగినా, గింజ మీద పడాల్సిన దెబ్బలో కొంత ఆ కదలికకే ఖర్చవుతుంది. రోలును నేలలో పాతితే దెబ్బ వెనక భూమి నిలబడుతుంది. భూమిని కదిలించే రోకలి లేదు గనక దెబ్బంతా గింజకే.

మన వడ్రంగులు తరతరాలుగా ఇదే పని మరోలా చేశారు. ఏటికొప్పాకలో లక్కబొమ్మల పనివారినో, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కేవారినో చూడండి. ఎక్కువమంది నేల మీదే కూర్చుంటారు. పాత వడ్రంగి చెక్కను నేల మీద పెట్టి, అరికాలితో తొక్కిపట్టి, ఉలి మీద సుత్తి వేసేవాడు. ఆయనకు బల్ల లేదనుకుంటాం గానీ ఆయన బల్ల భూగోళమంత పెద్దది. జపాన్‌లోనూ వడ్రంగులు నేల మీద కూర్చునే పనిచేసేవారు. వాళ్ళ రంపం, చిత్రిక కూడా తనవైపు లాగితే కోసేవే.

నిలబడి పనిచేసే అలవాటున్న చోట ఆ భూమిని నడుమెత్తుకు తేవాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లో ఆంద్రే జాకబ్ రూబో అనే వడ్రంగి తన వృత్తి గురించి ఒక మహాగ్రంథం రాశాడు. మొదటి భాగం 1769లో వచ్చింది. అందులో ఆయన చెప్పిన పని బల్లకు పైపలక మందమే అయిదారు అంగుళాలు. బీచ్ కర్రతో తొమ్మిదడుగుల పొడవున అలాంటి పలక ఒక్కటి చేస్తే ఎంత తూగుతుందో లెక్కేశాను. సుమారు నూట యాభై కిలోలు. కాళ్ళు ఇంకా కలపలేదు. పొడవాటి చిత్రికను రెండు చేతులతో బలంగా తోసేవాడికి బల్ల ముందుకు జరగకుండా ఉండాలంటే అంత బరువు కావాలి మరి.

నాకు మాత్రం బల్ల జరగాలి. రోజుకు రెండుసార్లు.

మాది హైదరాబాదులో చిన్న ఇల్లు. వడ్రంగం పిచ్చి పట్టాక దొరికిన చోటల్లా ఇంటి ముందు పోర్టికో ఒక్కటే. పగలు కారు ఆఫీసుకు పోతుంది, సాయంత్రం ఆరున్నరకు వచ్చి తన చోటు తనకిమ్మంటుంది. అంటే బల్ల పగలు రోలులా పాతుకుపోయి ఉండాలి, సాయంత్రం తోపుడుబండిలా గోడవారకు పోవాలి. ఈ రెండూ ఒకే వస్తువును అడగడం అన్యాయమే. అయినా అడిగాను.

మొదట అందరూ చేసే పనే చేశాను. రాణిగంజ్ వెళ్ళి బ్రేకులున్న రెండంగుళాల నైలాన్ కాస్టర్ చక్రాలు నాలుగు తెచ్చి, కాళ్ళ కింద బిగించి, బ్రేకులు తొక్కి, చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. బల్ల పలుపు తెంపుకునే మేకలా తోసిన ప్రతిసారీ ఒక గుంజు గుంజేది. ముందుకు ఇంత, వెనక్కి ఇంత. పలచటి చెక్కపొట్టు పొడవుగా చుట్టలు తిరుగుతూ రావాల్సింది, ముక్కలు ముక్కలుగా రాలింది.

బ్రేకు వేసినా బల్ల ఎందుకు కదిలింది? వంగి పక్కనుంచి చూస్తే తెలిసింది. కాస్టర్ చక్రం తను తిరిగే నిలువు ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు. కాస్త వెనక్కి ఉంటుంది. అదే దాని తెలివి. ఇరుసు ముందు పోతుంటే చక్రం తోకలా వెనక పడుతుంది, అందుకే ఎటు తోస్తే అటు తిరుగుతుంది. సూపర్‌మార్కెట్ బండి ముందు చక్రాలను గమనించండి. బండిని వెనక్కి లాగగానే రెండూ గిర్రున తిరిగి తోక ముందువైపుకు వేస్తాయి. నేను కొన్న బ్రేకు చక్రం దొర్లడాన్ని మాత్రమే ఆపుతుంది, నిలువు ఇరుసు చుట్టూ తిరగడాన్ని ఆపదు. చక్రం నేలకు తాకేచోటు కదలకపోయినా, దాని చుట్టూ ఇరుసు రెండు సెంటీమీటర్ల వృత్తంలో గునుస్తూ తిరుగుతుంది. నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకు తోకలు పెట్టుకుని ఉంటే, బల్ల ఊగడానికి కావలసినంత సందు. రెండింటినీ ఒకేసారి బిగించే చక్రాలు ఉన్నాయి, ధర ఎక్కువ. వాటిలోనూ ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఎంతో కొంత సందు తప్పదు. చిత్రికకు ఆ ఎంతో కొంతే చాలు.

రెండో పాఠం వారం తిరక్కుండానే. బ్రేకులు వదిలి, చీపురు తెద్దామని లోపలికి వెళ్ళి వచ్చేసరికి బల్ల గేటు దగ్గరుంది. గేటు రేకు సొట్టపడింది. మా ఆవిడ కిటికీలోంచి అంతా చూసిందట. "పది సెకన్లలో పోయింది, పిలిచేలోపే" అంది. పోర్టికో నేలకు వానలో నీళ్ళు పోవడానికి వాలు ఉంటుంది. మాది ఇరవై అడుగులకు నాలుగంగుళాలు, అంటే అరవైకి ఒకటి. కంటికి ఆనదు. నైలాన్ చక్రానికి ఆనింది.

దొర్లే చక్రాన్ని ఆపేది ఏమిటన్నది చాలామంది తప్పుగా ఊహించుకునే విషయం. నేలకూ చక్రానికీ రాపిడి అనుకుంటాం. నిజానికి చక్రం నేలను తాకేచోట కొంచెం నొక్కుకుపోయి, ముందుకు దొర్లాక మళ్ళీ ఉబ్బుతుంది. నొక్కేటప్పుడు తీసుకున్న శక్తినంతా ఉబ్బేటప్పుడు తిరిగివ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. గాలి తగ్గిన సైకిలు తొక్కినవాళ్ళకు ఈ మింగుడు పిక్కల్లో తెలుసు. గట్టి నైలాన్ చాలా తక్కువ మింగుతుంది. మోస్తున్న బరువులో నూటికి ఒక వంతు లాగుడు చాలు, కదులుతుంది. అరవైకి ఒకటి వాలు అంతకంటే ఎక్కువే లాగుతుంది, దాంతో బల్ల బయల్దేరింది. కాస్త మెత్తటి పాలీయురేథేన్ చక్రాలు నూటికి రెండు వంతులదాకా అడుగుతాయి. ఆ వాలు మీద అవి వాటంతట అవి పోవు. మార్చేశాను. మార్చేటప్పుడే నాలుగంగుళాలవి తెచ్చాను, దానికి మరో కారణం ఉంది.

మా పోర్టికోలో పరిచినవి తాండూరు బండలు. ఒకచోట ఒక బండ పక్కదానికంటే అయిదు మిల్లీమీటర్లు లేచి ఉంది. అయిదు మిల్లీమీటర్లంటే మనిషి కాలికి లెక్కే కాదు. చిన్న చక్రానికి మాత్రం అది గోడ. ముందు రెండు చక్రాల మీద నలభై అయిదు కిలోల బరువుంటే, రెండంగుళాల చక్రాలను నిలిచినచోటు నుంచి ఆ మెట్టు ఎక్కించడానికి సుమారు ముప్పై నాలుగు కిలోల తోపు కావాలి. నాలుగంగుళాల వాటికైతే ఇరవై రెండు చాలు. చక్రం పెద్దదయ్యేకొద్దీ మెట్టు అంచు దాని పొట్టకు కాక పాదానికి తగులుతుంది. అప్పుడు దాన్ని గుద్దుకోదు, ఎక్కుతుంది. ఎడ్లబండికి మనిషి ఎత్తు చక్రం పెట్టింది షోకుకు కాదు.

ఇక అసలు చిక్కు. చక్రాలు ఎంత మంచివైనా పని చేసేటప్పుడు బరువు వాటి మీద ఉండకూడదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. బ్రేకుల మీద బ్రేకులు వేసి సాధించాలని చూశాను. లారీ క్లీనర్ ఘాటు రోడ్డు మీద బండి ఆగగానే దూకి చక్రం కింద రాయి పెడతాడు, రథోత్సవంలో చక్రాల కింద చెక్క దిమ్మెలు తోసి రథాన్ని ఆపుతారు, తిప్పుతారు. నేనూ దిమ్మెలు పెట్టాను. అదీ కొంతే. చివరికి తోచింది: చక్రాలు పక్కకు తప్పుకుని కాళ్ళే నేల మీద ఆనాలి, జరపాల్సినప్పుడు మాత్రం చక్రాలు బల్లను ఎత్తుకోవాలి.

కాళ్ళు నేల మీద ఆనితే ఏమవుతుందో కొలిచాను. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోలాగే మా ఇంట్లోనూ సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ఉంది. యాభై కిలోల దాకా చూపిస్తుంది. ఆవకాయ జాడీల లెక్క తేల్చడానికి కొన్నది, భౌతికశాస్త్రానికి పనికొచ్చింది. సామాన్లతో సహా బల్ల బరువు తొంభై కిలోలు. చక్రాల మీద పెట్టి వాలుకు అడ్డంగా లాగితే త్రాసు రెండు కిలోలు చూపించింది. వాలుకు ఎదురుగా లాగితే మూడున్నర, వాలు వెంట లాగితే అర కిలో. ఈ రెండు అంకెలను కూడి సగం చేస్తే మళ్ళీ ఆ రెండే వస్తుంది, సరి చూసుకోండి. తర్వాత చక్రాలు తప్పించి, కాళ్ళ అడుగున పాత సైకిలు టైరు ముక్కలు కొట్టి లాగాను. నలభై అయిదు దాటింది, బల్ల కదల్లేదు. త్రాసు పోతుందని ఆపేశాను.

అడుగు టైరు ముక్కలు వెడల్పుగా ఉంటే ఇంకా పట్టు పెరుగుతుందా? ఇంచుమించు పెరగదు. 1699లో గియోం ఆమోంతోం పారిస్ అకాడమీకి చెప్పిన నియమం ఇదే. ఘర్షణ పైనున్న బరువును బట్టి ఉంటుంది గానీ తాకే వైశాల్యాన్ని బట్టి కాదు. ఇటుకను పడుకోబెట్టి లాగినా నిలబెట్టి లాగినా ఒకటే. రబ్బరు ఈ నియమానికి పూర్తిగా లొంగదు గానీ మన పనికి ఇది చాలు. అందుకే కాళ్ళు లావు చేయడం మాని, అడుగు అరలో ఒక ఇసుక మూట పెట్టాను. బల్లకు బరువు తగిలించడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనబడలేదు. బరువు మరో మేలూ చేస్తుంది. ఎనభై ఆరు సెంటీమీటర్ల ఎత్తున ఇరవై కిలోల బలంతో అడ్డంగా తోస్తే, రెండడుగుల వెడల్పున్న బల్ల నలభై కిలోలదైతే పక్కకు ఒరిగిపోతుంది. తొంభై కిలోలది నిలబడుతుంది.

తొంభై కిలోలను ఎత్తేదెవరు? నా కాలే ఎత్తుతుంది. బల్లకు రెండు చివర్లా, కింది అడ్డకర్రకు ఒక మందపాటి పలకను మడతబందులతో తగిలించాను. పలక బయటికి చాచుకుని ఉంటుంది, అక్కర్లేనప్పుడు పైకి మడిచి కొక్కేనికి తగిలించవచ్చు. మడతబందుకు ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో పలక కింద రెండు చక్రాలు. అక్కణ్ణుంచి ఇంకో ఇరవై నాలుగు సెంటీమీటర్లు పోతే పలక కొస. ఆ కొసను పాదంతో తొక్కితే చక్రాలు నేల మీద ఆని, మడతబందు పైకి లేస్తుంది. దానితో బల్ల కూడా. పిల్లల ఉయ్యాలబల్ల లాంటిదే, మధ్య ఆనుడు మాత్రం ఒక పక్కకు జరిగింది. ఇరవై నాలుగును ఎనిమిదితో భాగిస్తే మూడు. ఒక చివర ఉన్న నలభై అయిదు కిలోలను ఎత్తడానికి పదిహేను కిలోల తొక్కుడు చాలు. ఊరికే ఏమీ రాదు. బల్ల ఎనిమిది మిల్లీమీటర్లు లేవాలంటే కాలు ఇరవై నాలుగు మిల్లీమీటర్లు దిగాలి. కొస దిగాక, బల్లకు కీలుతో వేలాడే ఊతకర్రను పలక మీది గాడిలోకి తోస్తే పలక మళ్ళీ లేవకుండా పట్టుకుంటుంది. ఎనిమిది మిల్లీమీటర్లే ఎందుకంటే, ఆ లేచిన బండ అయిదు గనక.

కాళ్ళు నేల మీద ఆనాలన్నాను గానీ, నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనడం అంత తేలిక కాదు. మూడు రాళ్ళ పొయ్యి ఎక్కడ పెట్టినా ఊగదు. ఏ మూడు బిందువుల గుండా అయినా ఒక సమతలం పోతుంది, మూడు రాళ్ళ మీద పెట్టిన కుండ తన తలాన్ని తనే వెతుక్కుంటుంది. నాలుగో రాయి వచ్చిందంటే తగవు మొదలు. ఇందులో గణితజ్ఞులకు ముచ్చటైన సిద్ధాంతం ఒకటుంది. సమానమైన నాలుగు కాళ్ళున్న చతురస్రపు బల్లను మరీ ఏటవాలు లేని ఎగుడుదిగుడు నేల మీద పెట్టి, ఉన్నచోటే తొంభై డిగ్రీలలోపు తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్ళూ ఆనితీరతాయి. సెర్న్‌లో పనిచేసిన ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఆంద్రే మార్టాన్ 2005లో దీన్ని నిరూపించాడు. హోటల్లో టీ ఒలికించే బల్లకు కాగితం మడిచి పెట్టే బదులు దాన్ని కాస్త తిప్పి చూడండి. పనిచేసినప్పుడు పక్కవాళ్ళు మిమ్మల్ని మంత్రగాడిలా చూస్తారు.

నా దగ్గర పనిచెయ్యలేదు. సిద్ధాంతం నేల ఎక్కడా తెగకుండా సాగాలంటుంది, నా బండ తెగిపోయి మెట్టు అయింది. పైగా నా బల్ల తిప్పితే కారుకు అడ్డం. ఒక కాలి అడుగున పెద్ద బోల్టు బిగించి, దాన్ని తిప్పుతూ ఎత్తు సరిచేసుకున్నాను. మూడు రాళ్ళకు నాలుగో రాయిని ఒప్పించడానికి ఒక్క బోల్టు చాలు. నాలుగింటికీ పెడితే నాలుగింటితోనూ తగవే.

చట్రం సంగతి నాకు వడ్రంగి మేస్త్రి ఒకాయన చెప్పాడు. అది పాత ఇళ్ళు కూల్చినచోట దొరికిన టేకు ద్వారబంధాల కర్ర. మేకు రంధ్రాలు పోను బంగారం. కాళ్ళకు నాలుకలు చెక్కి, అడ్డకర్రలకు తొలిచిన గాడుల్లో దిగగొట్టి, మురిసిపోయి ఆయన్ను పిలిచాను. ఆయన బల్ల అంచు మీద అరచెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. పైభాగం వేలెడు దూరం పక్కకు పోయి తిరిగొచ్చింది.

"గట్లనే ఊగుతది సార్. ఏటవాలుగ ఓ కట్టె కొట్టాలె, లేకుంటే వెనక ప్లై కొట్టాలె."

"అతుకులు గట్టిగానే ఉన్నాయి కదా మేస్త్రీ?"

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, లోపలి అర బయటికి లాగేసి, ఖాళీ డబ్బాను వేళ్ళ మధ్య నొక్కాడు. పక్కకు వాలి చదునైపోయింది. అరను మళ్ళీ దూర్చి నా చేతికిచ్చాడు. "ఇప్పుడు నొక్కుండ్రి."

నాకు వచ్చిన ఇంజనీరింగు చదువులో ఈ పాఠానికి రెండు అధ్యాయాలు కేటాయించారు. నాలుగు కర్రల చట్రం భుజాల పొడవు మారకుండానే వాలిపోగలదు, ఆపేది మూలల బిగువు ఒక్కటే. మూడు కర్రల త్రిభుజం వాలాలంటే ఏదో ఒక కర్ర సాగాలి, లేదా కుంచించుకుపోవాలి. టేకు కర్రను నిలువునా సాగదీయడం మన తరమా? ప్లైవుడ్ పలక కొట్టడమంటే లెక్కలేనన్ని త్రిభుజాలను ఒకేసారి కొట్టడమే. వెనక 12 మిల్లీమీటర్ల ప్లై, అంచు పొడవునా ఫెవికాల్, జానెడుకొక స్క్రూ. ఊగడం ఆగింది.

మిగిలింది పైపలక. రూబో లాగా ఆరంగుళాల దిమ్మె కొనే స్తోమత లేదు, కొన్నా అది పోర్టికోలో మనతో తగవు పెట్టుకుంటుంది. చెక్క గాలిలోని తేమను తాగి ఉబ్బుతుంది, ఎండకు వదిలి ముడుచుకుంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్న మే నెలలో చెక్క తన బరువులో ఆరు శాతం నీటితో స్థిరపడాలని చూస్తుంది. 80 శాతం ఉన్న వానాకాలంలో పదహారు శాతం దాకా పోవాలనుకుంటుంది. ఉబ్బడమంతా అడ్డంగానే, పొడవున దాదాపు ఏమీ ఉండదు. వానాకాలంలో తలుపు పట్టేసేది అందుకే, అదీ పక్కలకే. రెండడుగుల వెడల్పున్న టేకు పలక, టేకు నెమ్మదస్తురాలు అయినా సరే, ఏడాదిలో ఎనిమిది మిల్లీమీటర్ల దాకా వెడల్పు మార్చగలదు. దాన్ని చట్రానికి కదలకుండా స్క్రూలు వేస్తే ఎక్కడో చీలుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నారకు తర్వాతి పొర నార అడ్డంగా ఉంటుంది. ప్రతి పొరా పక్కదాన్ని ఉబ్బనివ్వదు. ఉమ్మడి కుటుంబంలా ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటాయి.

18 మిల్లీమీటర్ల ప్లై పలకలు రెండు పైపైన వేశాను. ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయండి, బల్ల కట్టకపోయినా ఫరవాలేదు. రెండు పలకలను అతికించకుండా పేర్చి, రెండు చివర్లా ఇటుకలు పెట్టి, పక్క అంచు కొస దగ్గర రెండింటినీ కలుపుతూ పెన్సిలుతో నిలువు గీత గీయండి. మధ్యలో ఎవరినైనా కూర్చోబెట్టండి. గీత రెండు ముక్కలై, పై ముక్క కింది ముక్క నుంచి జారి కనిపిస్తుంది. వంగినప్పుడు పై పలక అడుగు సాగాలనుకుంటుంది, కింది పలక పైభాగం కుంచించుకోవాలనుకుంటుంది. ఆపేవాళ్ళు లేక ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పేకముక్కల దొంతర సులువుగా వంగేది ఇందుకే. రెండు పలకలకు ఒకదాని గట్టిదనం రెండింతలే వచ్చింది.

ఇప్పుడు మధ్యలో ఫెవికాల్ పూసి, ఇంట్లో ఉన్న బరువులన్నీ పెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్ళీ కూర్చోబెట్టండి. జారడం లేదు, గీత తెగదు. గట్టిదనం ఎనిమిదింతలు. పలక వంగకుండా నిలిచే గుణం మందంతో కాదు, మందం ఘనంతో పెరుగుతుంది. రెండింతల మందానికి రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు. చెక్క అంతే, బరువు అంతే. మధ్యనున్న పలచటి జిగురు పొర నాలుగు రెట్లు చేసింది. ఈ వడ్రంగం మొత్తంలో రూపాయికి ఇంత ఫలితమిచ్చిన సరుకు నాకు మరొకటి తగల్లేదు. బరువులుగా మా ఆవిడ గ్రైండర్ రాయి కూడా తీసుకెళ్ళాను. మర్నాడు ఇడ్లీ లేదు.

అన్నీ కుదిరాక నెల రోజులకు ఒక వింత గమనించాను. తొక్కుడు పలక ఒకరోజు మెత్తగా దిగేది, ఒకరోజు గట్టిగా తొక్కితే గానీ దిగక మొండికేసేది. బల్ల అదే, సామాన్లు అవే. మడతబందుకు నూనె వేశాను, లాభం లేదు. మళ్ళీ వంగి పక్కనుంచి చూడాల్సి వచ్చింది. కారణం ఆ పాత తోకే. లెక్కలో చక్రం ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉందనుకున్నాను, కానీ అది నిలువు ఇరుసు ఉన్నచోటు. చక్రం నేలకు తాకేది దానికి మూడు సెంటీమీటర్ల అవతలో ఇవతలో. నిన్న బల్లను ఎటు తోసి ఆపానన్నదాన్ని బట్టి ఉంటుంది. తోక లోపలికి ఉంటే అయిదుకు ఇరవై ఏడు, ఎనిమిదిన్నర కిలోలు తొక్కితే చాలు. బయటికి ఉంటే పదకొండుకు ఇరవై ఒకటి, ఇరవై మూడున్నర దాటాలి.

ఇప్పుడు కారు హారన్ వినపడగానే పలకను కిందికి దించుతాను. కొస ఇంకా పైకి లేచి ఉంటుంది, బరువు ఇంకా కాళ్ళ మీదే, చక్రాలు తేలిగ్గా ఆడుతుంటాయి. చెప్పు విప్పి, బొటనవేలితో ఒక్కో చక్రాన్ని తోక లోపలికి వచ్చేలా తిప్పుతాను. తర్వాత తొక్కుతాను. ఊతకర్ర గాడిలో పడి టక్కుమంటుంది.

గేటు అవతల మళ్ళీ హారన్. రెండో చివర ఇంకా మిగిలే ఉంది.